భయపెట్టే కథకు నవ్వుల వేషం

పిల్లలూ, గొప్ప రచయిత వ్రాసిన గంభీరమైన నవలను ఎవరైనా హాస్యనాటికగా మారిస్తే, ఆయనను వెక్కిరించినట్లేనా? కాదని నేనంటాను. ఎందుచేతనో చెబుతాను, వినండి.

జార్జి ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత 1903లో మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో పుట్టాడు. ఆయన నవల “1984” 1949లో వెలువడింది. అందులో ఒక దేశాన్ని “పెద్దన్న” పేరుతో ఏలుతుంటారు. ఇళ్ళలో తెరలుంటాయి, మనుషులు వాటిని చూడటమే కాదు, అవి కూడా మనుషులను చూస్తూ ఉంటాయి! ఎదురు తిరిగినవాణ్ణి చివరకు 101వ నంబరు గదికి తీసుకుపోతారు. ఎవడికి ఏదంటే హడలో, ఆ గదిలో వాడికి అదే ఎదురవుతుంది. ఈ నవల చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1954 డిసెంబరులో లండనులోని బి.బి.సి. వారు దీన్ని టెలివిజను నాటకంగా చూపారు. చూసినవారిలో చాలామంది బెదిరిపోయారు. పార్లమెంటు సభ్యులు కూడా దాన్ని గురించి తగవులాడుకున్నారు.

నెల తిరగకుండానే, 1955 జనవరి 4న, అదే బి.బి.సి. రేడియోలో “గూన్ షో” బృందం “1985” అనే నాటిక వినిపించింది. దాన్ని వ్రాసినవారు ఎరిక్ సైక్స్, స్పైక్ మిలిగన్. ఈ మిలిగన్ కూడా 1918లో మన దేశంలో, అహమ్మద్‌నగరులో పుట్టినవాడే! వారి నాటికలో పెద్దన్న ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బి.బి.సి.! మరి 101వ గదిలో పెట్టే చిత్రహింస? బి.బి.సి. రేడియో కార్యక్రమాలు బలవంతంగా వినిపించటం!

ఆ నాటిక రికార్డును నేను విన్నాను. రేడియోలో కంటికేమీ కనిపించదు గదా! పీటర్ సెల్లర్స్ అనే నటుడు ఒక్కడే రకరకాల గొంతులతో మాట్లాడుతుంటే, ఆ మనుషులందరికీ ముఖాలు మన మనస్సే గీసుకుంటుంది. తలుపు చప్పుడు వినిపిస్తే చాలు, గది మొత్తం మనమే కట్టుకుంటాం. నన్ను నిద్రపోనివ్వని ఆ గదిలోనే నేను కడుపుబ్బ నవ్వాను.

నవ్విన తరవాత ఒక సంగతి తోచింది. ఆర్వెల్ నవలలో పెద్దన్నను చూసి బాహాటంగా నవ్వే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇక్కడో, బి.బి.సి. జీతం పుచ్చుకునేవారు బి.బి.సి. మైకు ముందే దాన్ని ఎగతాళి చేశారు. వారిని ఎవరూ ఏ గదికీ పంపలేదు. పైగా, జనం మెచ్చుకున్నారని మరుసటి నెలలోనే ఆ నాటికను మళ్ళీ ఆడించారు! అధికారంలో ఉన్నవారిని చూసి నిర్భయంగా నవ్వగలిగినంతకాలం పెద్దన్న గెలవలేడు. ఆర్వెల్ ఏడిపించి చెప్పిన మాటనే వీరు నవ్వించి చెప్పారు.

మీరు కూడా మీకు తెలిసిన కథ ఒకటి తీసుకుని, దుప్పటి అడ్డం కట్టి, దాని వెనక నుంచి గొంతులతోనే హాస్యనాటిక ఆడి చూడండి. మీ అమ్మా నాన్నా వింటూ కూర్చుంటారు. కాని ఒక్క షరతు! ముందు అసలు కథను శ్రద్ధగా చదవాలి. అది తెలియనివాడికి నవ్వు సగమే దక్కుతుంది.