అంటించిన నంబరు చెల్లుతుందా?

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి తిరిగితే హారన్ల మోత తగ్గిపోతుంది. చెట్ల నీడ మొదలవుతుంది. ఆ నీడ వెంటే వెళ్తే ఆర్ట్స్ కాలేజీ, దాన్ని దాటితే మాణికేశ్వర్ నగర్. పాతవాళ్లకు వడ్డెర బస్తీ అంటేనే తెలుస్తుంది. రాయి కొట్టడం, మట్టి పని వడ్డెరల కులవృత్తి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ గ్రానైట్ గోడల్ని చూసి వస్తుంటే ఆ బస్తీ పేరు మరింత బరువుగా వినిపిస్తుంది.

ఇళ్లు దగ్గర దగ్గరగా, సందులు ఇరుగ్గా ఉంటాయి. బండ్లన్నీ గోడ వారగానే. కాలక్షేపానికి వాటి నంబర్లు చదువుతూ నడవండి. ఒకదాని మీద ఏపీ, పక్కదాని మీద టీఎస్, కొత్తదాని మీద టీజీ. రాష్ట్రం విడిపోయిన కథంతా ఆ రెండేసి అక్షరాల్లోనే ఉంది!

నిజానికి టీజీ అక్షరాలు ఈ దారికి కొత్తేం కాదు. 2009 నవంబరు 29న కేసీఆర్ నిరాహార దీక్ష మొదలయ్యాక క్యాంపస్ ఉద్యమానికి గుండెకాయ అయింది. లాఠీలు, భాష్పవాయువు గోళాలు, ఊరేగింపులు... గోడకు అవతలే ఉన్న బస్తీకీ ఆ పొగ తప్పలేదు. ఆ రోజుల్లోనే చాలామంది బండి మీద ఏపీని కప్పేసి టీజీ అని రేడియం అక్షరాలు అంటించుకున్నారు. (రేడియం అంటాం గానీ అందులో రేడియం ఏమీ ఉండదు. మెరిసే ప్లాస్టిక్ కాగితం, అంతే.) చేతిలో రాష్ట్రం లేనివాళ్లు బండి మీద రాష్ట్రాన్ని రాసుకున్నారన్నమాట!

చట్టం మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. ఏ రాష్ట్రానికి ఏ అక్షరాలో నిర్ణయించేది కేంద్రం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడితే దక్కింది టీఎస్. అంటించుకున్న ఆ టీజీ అధికారికంగా రావడానికి 2024 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. అదీ కొత్తగా రిజిస్టరయ్యే వాహనాలకే. పాత టీఎస్ ప్లేటు మీద ముచ్చటపడి జీ అంటిస్తే అది ఇప్పటికీ తప్పే. ప్లేటు మీద కనిపించాల్సింది మన అభిమానం కాదు, ఆర్సీలో ఉన్న నంబరు.

అక్షరాల సంగతి అలా ఉంచి, అసలు ప్లేటే స్టిక్కరైతే? 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు ఆ అవకాశమే లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వది ప్లేటు ఎలా ఉండాలో చెబుతుంది. ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, దాని మీద ఉబ్బెత్తుగా అచ్చొత్తిన అంకెలు, అశోక చక్రం ఉన్న హోలోగ్రాం, నీలం రంగులో ఐఎన్‌డీ, లేజర్‌తో చెక్కిన గుర్తింపు సంఖ్య. వెనక ప్లేటును విప్పడానికి వీల్లేని స్నాప్ లాక్‌తో బిగించాలి. కారు మీద అంకెల ఎత్తు 65 మిల్లీమీటర్లని 51వ నిబంధన కొలత కూడా చెప్పేసింది. వంకర టింకర ఫ్యాన్సీ రాతలు కుదరవు. తెలుగు మీద ప్రేమతో తెలుగులో రాయించినా చెల్లదు. ఇంగ్లిష్ అక్షరాలు, మామూలు అంకెలే ఉండాలి.

రేకుకీ స్టిక్కరుకీ ఇంత పట్టింపా అనిపించవచ్చు. కానీ హైదరాబాద్‌లో చలానాలు చాలావరకు ఫొటో ఆధారంగానే ఇంటికొస్తాయి. నల్ల రేడియం ముక్క ఒకటి చాలు, మూడు ఎనిమిదైపోతుంది. తార్నాక సిగ్నల్ దగ్గర దాటింది ఒకడైతే చలానా అందుకునేది ఎక్కడో ఉన్న ఇంకో కుటుంబం. అదే బండి దొంగతనానికో, మనిషిని గుద్ది పారిపోవడానికో వాడితే పోలీసులు మొదట తట్టేది ఆ అమాయకుడి తలుపే. నంబరు మార్చి దొరికినవాళ్ల మీద చీటింగ్ కేసులు పెట్టడానికి కారణం ఇదే. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ శబ్దం వింటాం, టైర్లు తడుముతాం. ప్లేటు మీద గోరుతో ఒక్కసారి గీకి చూడటం కూడా మంచిదే. ప్లేటు విరిగినా పోయినా స్టిక్కరు షాపుకి కాకుండా డీలరు దగ్గరికో, అనుమతి ఉన్న ఏజెన్సీకో వెళ్లాలి.

తమాషా ఏమిటంటే, అంటించే నంబరు ప్లేటు ఒకటి చట్టంలోనూ ఉంది! కారు ముందు అద్దానికి లోపలి వైపు అతికించే చిన్న స్టిక్కరు అది. నిబంధనల్లో దాని పేరే మూడో రిజిస్ట్రేషన్ ప్లేటు. పెట్రోలు, సీఎన్జీ బండ్లకు లేత నీలం, డీజిలుకు నారింజ రంగు. రిజిస్ట్రేషన్‌తో పాటు ఇంజిన్, ఛాసిస్ నంబర్లూ దాని మీద ఉంటాయి. పీకి ఇంకో బండికి అంటిద్దామనుకుంటే మాత్రం చేతికి రాదు, అక్కడికక్కడే చిరిగిపోతుంది.