ఊగని గీత కోసం

వెండి పలక మీద చిటికెడు పొడి. దాన్ని ఫ్రిజ్‌లోకి దించి పంపు వేశారు. మన ఇంట్లో ఫ్రిజ్ కాదు, సున్నా కెల్విన్ అంచుదాకా చల్లబరిచేది. వెండి ఎందుకంటే, అది మ్యూయాన్లనే కణాల స్పిన్‌ను, అంటే వాటిలోని చిట్టి అయస్కాంతాన్ని, దాదాపు కదిలించదట. పొడి పేరు మాత్రం అప్పుడే రాయొద్దన్నారు.

నేను వెళ్లింది ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఐసిస్ పరిశోధన కేంద్రానికి. 1984 డిసెంబరులో ఇక్కడ తొలి న్యూట్రాన్లు పుట్టాయి. 163 మీటర్ల వలయంలో ప్రోటాన్లు 80 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని అందుకుని, సెకనుకు 50 విడతలుగా బయటికి దూకుతాయి. దారిలో పల్చటి గ్రాఫైట్‌కు తగిలి పయాన్లను, వాటి నుంచి మ్యూయాన్లను పుట్టిస్తాయి.

ఆ పొడిలో ఉన్నది పైరోక్లోర్ అల్లిక: మూలమూలా కలుపుకున్న చతుర్ముఖులు, ప్రతి మూలా ఒక స్పిన్. పక్కదానికి ఎదురుగా తిరగాలని ప్రతిదానికీ పట్టుదల. నాలుగింటికీ ఒకేసారి కుదరదు. అచ్చం కప్పల తక్కెడే. భౌతిక శాస్త్రంలో దీన్ని ఫ్రస్ట్రేషన్ అంటారు. ఆ మాట మన ఇళ్లలోనూ తిరుగుతోంది కాబట్టి అనువాదం అక్కర్లేదు.

అల్లిక ఒకటే అయినా కథ ఒకటి కాదు. ఎర్బియం టైటనేట్‌లో స్పిన్లు 1.2 కెల్విన్ల దగ్గర బుద్ధిగా వరుస కడతాయి. టెర్బియం టైటనేట్‌లో మాత్రం 70 మిల్లీకెల్విన్ల దాకా వెళ్లినా వరుస కనబడలేదని 1999లో తేలింది. ఎంత చల్లబరిచినా స్పిన్లు గడ్డకట్టకుండా, ఒకదానితో ఒకటి పెనవేసుకుని కదులుతూనే ఉంటే అది క్వాంటమ్ స్పిన్ లిక్విడ్.

దాన్ని పట్టేదెలా?

మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. పొడిలో ఆగి, అక్కడి అయస్కాంత క్షేత్రంలో బొంగరంలా తిరిగి, ఎక్కువగా తన స్పిన్ చూపే దిక్కుకే పాజిట్రాన్‌ను విసిరి కనుమరుగవుతుంది. ఇక్కడి మ్యూసర్ పరికరంలోని 64 డిటెక్టర్లు ఆ పాజిట్రాన్లను లెక్కిస్తాయి. పొడిలోని స్పిన్లు వరుస కడితే, ఆ లెక్కలతో తెరమీద పడే గీత ఉయ్యాలలా ఊగుతుంది. కదులుతూనే ఉంటే మెల్లగా దిగిపోతుంది.

ఊగకపోతే స్పిన్ లిక్విడ్ దొరికినట్టేనా? కాదు. అడ్డదిడ్డంగా గడ్డకట్టినా గీత ఊగదు. అందుకే బయటి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ మళ్లీ కొలుస్తారు. గడ్డకట్టిన స్పిన్లయితే చిన్న క్షేత్రానికే మ్యూయాన్ వాటి పట్టు విడిపించుకుంటుంది, కదిలేవైతే అంత సులువుగా వదలవు. ఈ ఓపికే నాకు నచ్చింది: లేనిదాన్ని లేదని చెప్పడానికి ఇన్ని రాత్రుల కాపలా!

2019లో ఇదే అల్లిక ఉన్న సీరియం జిర్కొనేట్‌పై రెండు బృందాలు ఫలితాలు ప్రకటించాక ఆశలు అటు మళ్లాయి. టెర్బియం టైటనేట్ మీద మాత్రం, పాతికేళ్లు దాటినా, అది స్పిన్ లిక్విడేనా అన్న వాదన తెగలేదు.