షెడ్యూల్ చేసిన పలకరింపు

వెన్నెముకను, కీళ్లను చేతులతో సవరించే పద్ధతి అయిన కైరోప్రాక్టిక్‌కు ప్రచారం కొత్తేమీ కాదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో దీనిని ప్రారంభించిన డి.డి. పామర్ కుమారుడు బి.జె. పామర్ 1922లోనే డబ్ల్యూఓసీ రేడియో కేంద్రాన్ని కొన్నాడు.

ఇప్పుడు ఆ ప్రచారం పని షెడ్యూలింగ్ సాధనాలది.

బఫర్, హూట్‌సూట్ వంటి వాటిలో నెలకు సరిపడా పోస్టులను ఒకేసారి రాసి, తేదీ, వేళ నిర్ణయించి ఉంచితే, వైద్యుడు ఒకరి మెడను పరీక్షిస్తున్న వేళకే ‘వంగి కూర్చోకండి’ అన్న సలహా ఫేస్‌బుక్‌లో దానంతటదే వెలువడుతుంది. ఇంతవరకు ఆక్షేపించవలసిందేమీ లేదు, విసుగు తప్ప.

చిక్కంతా జవాబులను కూడా యంత్రానికి అప్పగించినప్పుడే.

రోగి ఆరోగ్య వివరాల గోప్యతను కాపాడే, అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం పరిధిలోని క్లినిక్ ఏదైనా, ఒకరు రాసిన సమీక్ష కింద ‘మా వద్ద చికిత్స పొందినందుకు ధన్యవాదాలు’ అని యాంత్రికంగా జవాబిస్తే, ఆ వ్యక్తి తన రోగి అని అతని అనుమతి లేకుండానే లోకానికి ధ్రువీకరించినట్లవుతుంది; రోగి తానుగా చెప్పుకోవడం వేరు, వైద్యుడు చెప్పడం వేరు. మర్యాదకూ చట్ట ఉల్లంఘనకూ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండటం విచిత్రమే.

‘చెయ్యి తిమ్మిరెక్కుతోంది, ఏం చేయాలి?’ అన్న ప్రశ్నకు నవ్వుముఖం గుర్తుతో వచ్చే తక్షణ సమాధానం మరీ ఇబ్బందికరం.

వైద్యుల పేజీల్లో ఇటువంటి జవాబులు అందుకున్నవారు, లేదా వాటిని స్వయంగా అమర్చినవారు, తమ అభిప్రాయాన్ని కింద రాయవచ్చు.