నీటి వెంట నడిచే రేవు

నంద్యాల నుంచి నందికొట్కూరు దాకా ఎండ తప్ప పెద్దగా ఏదీ గుర్తులేదు. పగిడ్యాల దాటి, నెహ్రూనగర్ దగ్గర కృష్ణ ఒడ్డుకు చేరాక మాత్రం పొద్దువాలేదాకా కదల్లేదు.

శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లివి. మెట్లు లేవు, గట్టు లేదు, టికెట్టు గది అసలే లేదు. బురదలో మోటారు సైకిళ్ల జాడలు, బోర్లించిన పుట్టులు, ఒక మరబోటు. "రేవు యాడన్నా?" అంటే, "నీళ్లు యాడుంటే ఆడే సార్" అన్నాడు బోటు పెద్దాయన. జలాశయం నిండితే మట్టం 885 అడుగులు. వేసవిలో నీరు దిగేకొద్దీ రేవు కూడా దాని వెనకే పోతుంది.

ఈ నీళ్లను నిలిపిన శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్లు నిలిచేసరికి వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఊళ్లు పోయినా, అవతల కొల్లాపూర్ వైపు చుట్టరికాలు పోలేదు. రోడ్డున వెళ్లాలంటే కర్నూలు మీదుగా చుట్టు. అందుకే ఎవరూ కట్టకుండానే ఈ రేవులు పుట్టాయి.

దారిలో చూసిన కర్నూలు-కడప (కె.సి.) కాలువ ఇక్కడ గుర్తొచ్చింది. సుంకేసుల నుంచి కడప దాకా పైరుకు నీళ్లే కాదు, పడవలూ నడవాలని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వించింది. లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. లాకులు కట్టి, లెక్కలు వేసుకున్న ఆ జలమార్గం పంటకాలువగా మిగిలింది. ఏ ఇంజనీరూ గీయని ఈ దారిలో మాత్రం బోట్లు ఆగలేదు. పైగా, ఇప్పుడు ముచ్చుమర్రి పంపులు ఈ నీళ్లనే ఆ కాలువకు ఎత్తిపోస్తున్నాయి.

2007 జనవరిలో ఈ దాటులోనే పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ మాటెత్తితే పెద్దాయన ఇంజను వైపు తిరిగాడు. లైఫ్ జాకెట్లు బోటులో ఉన్నాయి, తలకింద దిండ్లుగా.

జొన్నరొట్టె, చేపల పులుసు ఒడ్డునే దొరికాయి. కారం మాత్రం రాయలసీమదే. కళ్లు తుడుచుకుంటూనే రెండో రొట్టె అడిగాను.

దిగువన సిద్దేశ్వరం, సోమశిల మధ్య వంతెన మంజూరైందిగదా అన్నాను. "రానీ సార్, మంచిదే. ముందు ఆ బండి ఎక్కించు, చెయ్యెయ్యి" అన్నాడు. హ్యాండిల్ నేను పట్టాను.