తూటాల పట్టీ

యుద్ధకాలపు తూటాల సంచులను, తూటాలుంచుకొను అరలు గల కోటులను సేకరించు వ్యసనమొకటి నాకు కలదు. చదువరులు నవ్వవచ్చును, మా యింటివారు నవ్వుట మానివేసి చాల కాలమైనది. తపాలాబిళ్లలను, పాత నాణెములను కూర్చువారిని లోకము గౌరవించును గాని, చెమటవాసన గల కాన్వాసుగుడ్డలను కొని తెచ్చువానిని చిత్తుసామానుల వర్తకుడనుకొనును. మా బిచ్కుందలో నన్ను చాటున ‘సంచుల సారు’ అని పిలుచు పిల్లలు కలరని నేనెరుగుదును. ఈ వార్షిక సంచికకొక వ్యాసము వ్రాయుమని మన పాఠశాలవారు కోరగా, ఆ సంచులను గూర్చియే వ్రాయ సాహసించితిని.

మొదటనే విద్యార్థులకొక మాట. నా రేకుపెట్టెలో తూటా యొక్కటియు లేదు. అనుమతిపత్రము లేక తూటాలనుంచుకొనుట 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము నేరము. పొలము దున్నునపుడు గాని, పాతగోడ కూల్చునపుడు గాని యట్టిది కనబడినచో ముట్టక ఠాణాకు తెలుపవలెను. నాకు ఖాళీసంచియే చాలును.

తుపాకి పుట్టినది మొదలు దాని మేతను మోయుట సిపాయికొక చిక్కుగానే యున్నది. 17వ శతాబ్దమున ఐరోపాలోని తుపాకివారు భుజమునుండి నడుమునకడ్డముగా తోలుపట్టీ వేసికొని, దానికి చిన్న కొయ్యబుడ్లను వ్రేలాడదీసెడివారు. ఒక్కొక్క బుడ్డిలో నొక్కదెబ్బకు సరిపడు మందుండెడిది. తరచుగా నవి పండ్రెండుండుటచే వానికి ‘పండ్రెండుగురు అపొస్తలులు’ అను ముద్దుపేరు కలిగినది. కాకససు పర్వతప్రాంతముల వారన్ననో తమ నిలువుటంగీల రొమ్ములపైననే గొట్టములవంటి అరలను వరుసగా కుట్టించుకొనిరి. నేటి సైనికుల రొమ్మున కనబడు అరల చొక్కాలకు వానిని తాతలని నేను తలచెదను.

బ్రిటిషు సైన్యమున 1903వ సంవత్సరపు నమూనా తోలుపట్టీని గుర్రపుదళములవారు భుజమునుండి అడ్డముగా ధరించిరి. కాలిబంటులకు 1908వ సంవత్సరమున దళసరి నేతపట్టీలతో చేసిన సామగ్రి వచ్చినది. అందు పది చిన్నసంచులు, ఒక్కొక్కదానిలో 15 తూటాలు, వెరసి 150. మొదటి ప్రపంచయుద్ధమున మన హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా దేశములకు పోయి యుండిరి. వారి సామగ్రిలో నొక తోలుపట్టీయైనను దొరకకపోవునా యని హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో నెన్ని గురువారములు తిరిగితినో లెక్కలేదు. గుర్రపుజీనుల తోలు దొరకినది, పట్టీ దొరకలేదు.

రెండవ యుద్ధమునాటికి బ్రెన్ తుపాకి వచ్చుటచే సంచులు పెద్దవైనవి. 1937వ సంవత్సరపు నమూనాలో రొమ్మున కిరుప్రక్కల నుండు రెండు సంచులలో ఆ తుపాకి తూటాపెట్టెలు పట్టెడివి. భారతదేశమున తయారైనవానిని చేతితో పట్టినంతనే గుర్తింపవచ్చును. ఇరుకైన పట్టీలను ప్రక్కప్రక్కన చేర్చి కుట్టినవగుటచే రంగులు సరిగా కలియవు. ఇంగ్లాండులో నేసినవాని చెంత పెండ్లికి వచ్చిన పేదచుట్టమువలె నుండును. నాకవియే యెక్కువ యిష్టము.

1944 జూన్ 6వ తేదీన నార్మండీ తీరమున దిగిన దళములలో కొందరికి బ్యాటిల్ జెర్కిన్ అను కాన్వాసు కోటు నిచ్చిరి. చొక్కావలె తొడుగుకొని బరువంతయు రెండు భుజములపై పంచుకొనుట దాని గుణము. అది అపురూపమైనది. నేను దానిని పటములలో మాత్రమే చూచితిని.

వీనియన్నిటిలో మిక్కిలి చౌకయైనది నూలుబట్టతో కుట్టిన తూటాల పట్టీ. అందైదు అరలు; ఒక్కొక్క అరలో ఐదేసి తూటాల గుత్తులు రెండు; మొత్తమేబది. నిండినచో సుమారు కిలోపావు బరువు. తూటాలు ముగియగానే దానిని పారవేయవలెననియే కుట్టిరి. పారవేసిరి గనుకనే నేడది యరుదు.

2003వ సంవత్సరమున నా పూర్వవిద్యార్థి యొకడు అట్టి పట్టీని కాగితములో చుట్టి తెచ్చెను. పొగచూరి నల్లబడి యుండెను. వాని తాత యుద్ధకాలమున సైన్యపులారీ నడుపుచు కోహిమా వరకు పోయినాడట. ఆయన గతించి చాలయేండ్లైనది. పట్టీని వాని నాయనమ్మ పొయ్యిమీది దూలమునకు వ్రేలాడగట్టి, అయిదు అరలలో బీర, సొర, దోస, బెండ, చిక్కుడు విత్తనములు దాచుచుండెనట. నేను రెండువందల రూపాయలిచ్చితిని. “అవ్వకు చెప్పితివా?” అని యడుగవలసినది. అడుగలేదు. ఆమె వలదనునేమో యను భయము నాకుండెను.

ఆ రాత్రియే పట్టీని గోరువెచ్చని సబ్బునీట నానవేసితిని. నీరు మొదట నల్లబడి, పిమ్మట వంకాయరంగు తిరిగినది. ఏదియో అద్దకపురంగు దిగుచున్నదని తలచి రెండుమారులు నీరు మార్చితిని. ఉదయమునకు గుడ్డ శుభ్రమై, కార్ఖానావారి నల్లముద్రయు, 1943 అను అంకెయు బయటపడినవి. నా సంతోషమునకు మేర లేదు. పుస్తకములో ‘నూలుపట్టీ, 5 అరలు, 1943, ముద్ర స్పష్టము’ అని వ్రాసికొంటిని.

వారము తిరుగకముందే అవ్వ వచ్చినది. కోపముతో రాలేదు. అరుగుమీద కూర్చుండి, చీరకొంగున కట్టిన రెండువందలు నా ముందుంచి, “పోరగానికి తెల్వది సారూ, మా సంచి మాకియ్యి” అన్నది. తెచ్చియిచ్చితిని. ఆమె పట్టీని ఒడిలో పరచి మూడవ అరను వ్రేళ్లతో తడవి, తిప్పి చూచి, మరల తడివినది.

“గీడ ఆయన పేరుండె గద బిడ్డా?”

అప్పుడు తెలిసినది. సైన్యములో నాడు వాడుకలోనున్న కాపీయింగు పెన్సిలు పొడిగా నున్నపుడు బూడిదరంగున వ్రాయును. నీరు తగిలినచో వంకాయరంగై కరగిపోవును. ఆ దినములలో భారతసైన్యమువారు సిపాయిలకు ఉర్దూభాషను ఆంగ్లాక్షరములతో నేర్పుచుండిరి. బడి మొగమెరుగక పోయినవాడు పేరు వ్రాయనేర్చి తిరిగివచ్చినాడు. ఆయన చేతివ్రాత ఆ యింట మరియొకటి లేదట. ఆమెకు చదువు రాదు. మొదటి అక్షరము కొడవలివలె వంగియుండెడిదని గాలిలో వ్రేలితో వ్రాసి చూపినది. పొగమసి క్రింద నేనా వ్రాతను చూడలేదని చెప్పితిని. అది నిజమే. కాని చూడవలెనని దీపము దగ్గరకు తీసికొనలేదన్నదియు నిజమే. ముద్రకొరకు, సంవత్సరముకొరకు వెదకినవాడను పేరుకొరకు వెదకలేదు.

డబ్బు తీసికొమ్మని యామె యన్నది, నేను తీసికొనలేదు, చివరకది అరుగుమీదనే యుండిపోయినది. ఆమె లేచుచు, “పోయింది పోనీ. గింజలకు సంచి పనికొస్తది” అని పట్టీని భుజమునుండి అడ్డముగా, సిపాయి వేసికొనునట్లే, వేసికొని వెడలినది.

నాటినుండి కొనిన యే సంచినిగాని నీట ముంచలేదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నీడన ఆరబెట్టి, నలుప్రక్కల వెలుతురులో వెదకి, గీత కనబడినను పుస్తకములో నెక్కించి గాని పెట్టెలో నుంచను. అమ్మినవాని యింట పెద్దలెవరని కూడ అడుగుచున్నాను. దానివలన రెండు మంచి సంచులు నాకు దక్కకపోయినవి.

మరుసటి తొలకరికి నేనామె యింటికి పోతిని. పట్టీ మరల దూలమున వ్రేలాడుచు అప్పుడే పొగరంగు పట్టనారంభించినది. నాలుగు అరలు గింజలతో నుబ్బియుండెను. మూడవది ఖాళీగా నుండెను. ఆమె రెండవదానినుండి పిడికెడు సొరగింజలు తీసి, “పెరట్ల పెట్టుకో” అని నా చేతిలో పోసినది.