ఆటోనగర్‌లో సీటు కట్టించుకున్న పూట

చౌటుప్పల్ దాకా ఏమీ తెలియదు. నకిరేకల్ వచ్చేసరికి సీటు మీద కాస్త ముందుకీ వెనక్కీ జరగడం మొదలవుతుంది. సూర్యాపేటలో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి నడపాలి. కోదాడలో దిగితే నడుము కింద నుంచి తొడల దాకా తిమ్మిరి. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏడాదికి నాలుగైదుసార్లు బండి మీదే వెళ్తాం, నేనూ మా ఆవిడా. ఐదేళ్లుగా ఆ దారిలో ఊళ్లన్నీ నాకు నొప్పితోనే గుర్తు.

చేయని ప్రయత్నం లేదు. జెల్ ప్యాడ్ కొన్నాను. ఎండలో బండి నిలిపితే పెనంలా కాలేది. గాలి నింపే కుషన్ కొన్నాను. మలుపుల్లో మనిషిని ఊపేసేది. తరువాత ఒక దుకాణంలో రెండంగుళాల మెత్తటి స్పాంజి వేయించాను. అక్కడ కూర్చుంటే పరుపులా ఉంది. నెల తిరక్కుండా పాత నొప్పికి నడుం నొప్పి తోడైంది. చివరికి లారీ నడిపే మా బావ చెప్పాడు: "రాత్రంతా కూర్చునేవాళ్లకి సీట్లు కట్టేవాడి దగ్గరికి పోవాలి బావా. ఆటోనగర్ వెళ్లు."

విజయవాడ ఆటోనగర్ 1960లలో వెలిసింది. లారీకి కావలసిన ప్రతి పనికీ అక్కడ మనిషి దొరుకుతాడు. బాడీ కట్టేవాళ్లు, పట్టీలు సరిచేసేవాళ్లు, రేడియేటర్ల వాళ్లు, టింకరింగ్ వాళ్లు దాటుకుంటూ వెళ్తే ఒక రేకుల షెడ్డు. గుమ్మంలో లారీ డ్రైవర్ సీట్లు, లోపల గోడవారన రంగురంగుల ఫోమ్ దిమ్మెలు. కొక్కేనికి పాత బుల్లెట్ సీటొకటి వేలాడుతోంది. కింద రెండు స్ప్రింగులు, పైన తోలు. మద్రాసులో బుల్లెట్లు తయారుకావడం 1950లలో మొదలైంది. ఆ కాలపు సీటు బరువును స్ప్రింగుల మీద మోసేది. ఇప్పటి సీట్లలో ఆ పనంతా ఫోమ్‌దే.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నా సమస్య పూర్తిగా వినకుండానే అడగడం మొదలుపెట్టాడు. ఒక్క రోజులో ఎంత దూరం? మధ్యలో ఎన్నిసార్లు దిగుతారు? ముందు మొద్దుబారుతుందా, ముందు నొప్పి పుడుతుందా? ఐదేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్నలివి. అప్పుడే నమ్మకం కుదిరింది.

సీటు విప్పి, పిన్నులు లాగి, రెగ్జిన్ ఒలిచేశాడు. వట్టి ఫోమ్‌ను మళ్లీ బండికి తగిలించి, పైన పాలిథిన్ కాగితం పరిచి, "రోడ్డు మీద ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి సార్. ఫోటోకి కూర్చున్నట్టు వద్దు" అన్నాడు. పావుగంట కూర్చోబెట్టాడు. దిగగానే ఫోమ్ మీద పడిన రెండు గుంటల చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టాడు. ఒక సున్నాలో నా బొటనవేలు పెట్టించి నొక్కమన్నాడు. వేలు నేరుగా కింది ప్లాస్టిక్ ప్లేటుకు తగిలింది.

నా నొప్పి గుట్టు అక్కడే ఉంది. కూర్చున్నప్పుడు మన బరువులో ఎక్కువ భాగం పిరుదుల లోపల ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ఫోమ్ మరీ మెత్తనైతే ఆ రెండూ దిగబడి అడుగు ప్లేటును తాకుతాయి. చుట్టూ ఉన్న కండ మీద, వెన్ను చివరి ఎముక మీద ఒత్తిడి పెరుగుతుంది, రక్తం ఆడదు, తిమ్మిరెక్కుతుంది. నేను డబ్బిచ్చి వేయించుకున్న మెత్తదనమే నా నొప్పిని పెంచింది.

"మెత్తదనం బేరం కుదిరేదాకే సార్. దారిలో మనిషిని మొయ్యాల్సింది బిగువే" అన్నాడు మేస్త్రి.

సున్నాలున్న చోట ఫోమ్‌ను హాక్సా బ్లేడుతో కోసి తీసి, రబ్బరు గమ్ము పూసి, ఆరనిచ్చి, గట్టి ముక్కలు అతికించాడు. పైన అరంగుళం మెత్తటి పొర, అంతే. ఫోమ్ కొనేటప్పుడు అందరూ డెన్సిటీ గురించి అడుగుతారు. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని మాత్రమే. అది గట్టితనం లెక్క కాదు. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ ఉంటుంది, బిగువైనదీ ఉంటుంది. డెన్సిటీ తక్కువైతే త్వరగా అణిగిపోతుంది. ఈ తేడా తెలియక చాలామంది అంకె చూసి మోసపోతున్నారు.

తరువాత గ్రైండర్‌తో ఆకారం దిద్దాడు. ముందుకు వాలి ఉన్న సీటును దాదాపు సమం చేశాడు. ఆ వాలు వల్లే బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారిపోయేవాణ్ని. వెడల్పు ఇంకొంచెం పెంచమంటే ఒప్పుకోలేదు. ముందు భాగం వెడల్పైతే తొడలు ఎడమై, ఆగినప్పుడు పాదాలు నేలకు అందవట. రెగ్జిన్ కుట్టేటప్పుడు కూడా కూర్చునే చోట కుట్టు రానివ్వలేదు. కుట్టు గుచ్చుకుంటుంది, సూది రంధ్రాల్లోంచి వాన నీరు దిగి ఫోమ్ నానుతుంది.

పని అయిపోయిందనుకున్నాను. మేస్త్రి మా ఆవిడ వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా, వెనక ఎలా ఉంటుంది?" అన్నాడు.

తను కాసేపు ఆలోచించింది. బ్రేకు పడిన ప్రతిసారీ ముందుకు జారతాననీ, జారకుండా వెనక కడ్డీ పట్టుకుని ఉంటే ఇల్లు చేరేసరికి మణికట్లు వాచిపోతాయనీ చెప్పింది. ఐదేళ్లు నా వెనకే ప్రయాణించిన మనిషి. నా నొప్పి గురించి నేను రోజూ చెప్పాను. తన నొప్పి గురించి ఒక్కసారీ అడగలేదు. ఆ షెడ్డులో ఆ మాట వింటుంటే నాకు సిగ్గేసింది.

వెనక సీటు మీద మేస్త్రి పెట్టిన శ్రద్ధ ముందు సీటు కంటే ఎక్కువే. తనను కూర్చోబెట్టి చూసి, ముందు అంచున అంగుళం ఫోమ్ చేర్చి వాలు తీసేశాడు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునేవాళ్లకైతే వేరేగా చెయ్యాలన్నాడు. అలా కూర్చుంటే నడుము మెలితిరుగుతుంది, బరువు ఒక తుంటి మీదికే వస్తుంది, కాబట్టి సీటు ఇంకా వెడల్పుగా, చదునుగా ఉండాలి. మన రోడ్ల మీద కోట్ల మంది ఆడవాళ్లు అలాగే ప్రయాణిస్తున్నారు. కంపెనీ సీట్లు చూస్తే మాత్రం వెనక భాగం ఏడాదికేడాది చిన్నదై, ఎత్తై, ముందుకు వాలుతోంది. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

అంతా కలిపి 2,800 రూపాయలు తీసుకున్నాడు. మధ్యాహ్నం బయల్దేరాం. ఏలూరు దాటాం, తాడేపల్లిగూడెం దాటాం. గోదావరి వంతెన మీదికి వచ్చేదాకా నేను ఫుట్‌రెస్టుల మీద నిలబడలేదు. ఇంటి దగ్గర దిగి తన చేతులు చూశాను. మణికట్లు వాయలేదు.

సీటు కట్టించడానికి వెళ్లేవాళ్లకు నా మనవి ఒక్కటే. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. కొలత ముందు ఆమెకి తీయించండి.