మారు వడ్డన

ఫుకువోకా నగరంలో నాగహామా చేపల మార్కెట్టుకు కొద్ది దూరంలో ఒక చిన్న రామెన్ అంగడి ఉన్నది. లోపల పదిమంది కూర్చుంటే పదకొండవవాడికి చోటుండదు. వెలుపల మాత్రం ఎప్పుడు చూసినా బారు తీరిన జనమే. అక్కడికి రమ్మని నా సహోద్యోగి మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నాలుగవసారికి నా వద్ద సాకులు నిండుకున్నాయి.

ఆ వీధి మలుపులోనే వాసన ఎదురొస్తుంది. పంది ఎముకలను పెద్ద మంట మీద గంటల తరబడి తెర్లిస్తారు. మూలుగ, కొవ్వు నీళ్ళలో కలిసి, సూపు పాలవలె తెల్లబడుతుంది. దానిని తొన్‌కొత్సు అంటారు, అనగా పంది ఎముక. మాదేమో కార్తీకమాసంలో ఉల్లిపాయ సైతం గడప దాటి లోనికి రాని ఇల్లు. జపానుకు బయలుదేరే నాడు అమ్మ నా చేత ఒట్టేమీ వేయించుకోలేదు. "నీకు తెలుసు కదా నాయనా" అన్నది, అంతే. ఒట్టు వేయించుకుని ఉంటే అందులో ఏదో ఒక సందు వెతుక్కుని ఉండేవాడిని.

గుమ్మం పక్కన యంత్రంలో డబ్బు వేసి మీట నొక్కితే చీటీ వస్తుంది. దానిని అందుకుంటూనే వంటాయన, నూడిల్సు ఎంత గట్టిగా ఉండాలని అడిగాడు. ఆ గట్టిదనానికే అక్కడ ఎన్నో పేర్లు: యావా అంటే మెత్తన, కతా అంటే గట్టి, బరికతా అంటే మరింత గట్టి. 1958లో మొమొఫుకు ఆందో కనిపెట్టిన పొట్లం సరుకు తప్ప మరొకటి ఎరుగని నేను "మామూలుగా" అన్నాను.

గిన్నె వచ్చింది. తెల్లని సూపులో సన్నని నూడిల్సు, పైన ఉల్లికాడలు, నువ్వులు, ఎర్రటి అల్లం ఊరగాయ, రెండు మాంసపు ముక్కలు. చుట్టూ అందరూ జుర్రుతున్నారు. మా తాతగారు చారు జుర్రే చప్పుడు సరిగ్గా అదే. నూడిల్సు గోధుమపిండివే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, అవి మునిగినది దేనిలోనో మరచినట్లు నటిస్తూ తిన్నాను. ముక్కలు సహోద్యోగి గిన్నెలోకి చేరాయి. సూపు అట్లాగే ఉండిపోయింది.

వంటాయన నా గిన్నెలోకి తొంగిచూసి "కాయెదమా?" అన్నాడు. ఏమని అడిగాడో తెలియక "హాయ్" అన్నాను. మరుక్షణం పొగలు కక్కుతున్న నూడిల్సు ముద్ద ఒకటి నా సూపులో పడింది. సన్నని నూడిల్సు వేడి సూపులో త్వరగా నానిపోతాయి గనుక మొదట కొంచెమే పెడతారట. సూపు మిగుల్చుకున్నవాడు మరొక ముద్ద అడుగుతాడట. దానికి వేరే డబ్బు. నేను భక్తిగా వదిలిపెట్టిన సూపును ఆయన ఆకలిగా చదువుకున్నాడు!

మన మారు వడ్డనే అది. బయట ఎండలో జనం నిలబడి ఉండగా ఆ ముద్దను పారవేయడానికి చేతులు రాలేదు. ఈసారి గిన్నె ఎత్తి తాగాను. మర్యాద కోసమని చెప్పను. రుచి తెలిసి తాగాను, అడుగు కనబడేవరకూ.

రాత్రి అమ్మ ఫోనులో ఏం తిన్నావని అడిగింది.

"నూడిల్సు."

"కూరలేమైనా వేశారా?"

"ఉల్లికాడలు వేశారు."

"కడుపునిండా తిన్నావా? మారు పెట్టించుకున్నావా?"

"పెట్టించుకున్నానమ్మా" అన్నాను.